పెద్దఱికము – పరిచర్య
(అచ్చంపేట సీమ క్రైస్తవ స్త్రీలను గూర్చి)

నాయకత్వమను మాట వినినంతనే మన మనస్సులకు వేదికయు, పూలదండయు, ఎత్తుకుర్చీయు స్ఫురించుట పరిపాటి. ఇంటిలో అత్తగారి పెత్తనము మొదలు కచేరీలో అధికారి గద్దింపువఱకు, పెద్దఱికమనగా ఒకరు చెప్పుట, తక్కినవారు తలయూచుట యనియే మనము అలవాటుపడి యున్నాము. క్రైస్తవ మతగ్రంథమున దీనికి భిన్నమైన భావన యొకటి కలదు. యేసుక్రీస్తు తన కడపటి రాత్రి భోజనవేళ నడుమునకు తువాలు కట్టుకొని, పళ్లెములో నీరు పోసి, శిష్యుల పాదములను తానే కడిగెనని యోహాను సువార్త 13వ అధ్యాయమున చెప్పబడినది. ఆ కాలమున అది యింటి దాసుడు చేయు పని. గురువు దానిని స్వయముగా చేసి, శిష్యులు కూడ ఒకరియెడ నొకరు అట్లే మెలగవలెనని బోధించెను.

ఈ బోధ గ్రంథమున నుండుట సులభము. అది ఆసుపత్రిలో, పాఠశాలలో, కూలిపనుల చోట, సంఘపు లెక్కలపెట్టె యొద్ద నిలిచినదా లేదా యని చూచుటయే కష్టము. క్రైస్తవులు కాని సోదరీమణులు సైతము ఈ విచారణ తమది కాదని అనుకొనరాదు. దేవాలయ సంఘములలోను, మహిళా సమాజములలోను, ఉద్యోగశాలలలోను పెద్దఱికము వహింపవలసిన స్త్రీలు నేడు ప్రతి యింటను ఉన్నారు. కావున దూరదేశపు దృష్టాంతములను విడిచి, మన పాలమూరు సీమయందే, అచ్చంపేట చుట్టుపట్ల జరిగిన చరిత్రమును ముందుంచుకొని ఈ విషయమును పరిశీలింప దలచితిమి.

అచ్చంపేట నల్లమల యడవి యంచున, ఉమామహేశ్వర క్షేత్రమునకు చేరువలో నున్న పట్టణము. దక్షిణమునకు పోయినచో మన్ననూరు, అమ్రాబాదు, చెంచుల పెంటలు, ఆపైన శ్రీశైలపు దారి. 1948వఱకు ఈ ప్రాంతమంతయు నిజాము ప్రభువుల యేలుబడిలో నుండెను. తరువాత మహబూబునగరము జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు మొదలు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరియున్నది. వానను నమ్ముకొన్న మెట్టసాగు, కఱవు, వలస యనునవి యిచ్చటి బ్రదుకును చిరకాలము శాసించినవి. దేశమున నెక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను పాలమూరు కూలీ లుందురను మాట అందఱు ఎఱిగినదే.

ఈ సీమకు క్రైస్తవమత ప్రచారము ప్రధానముగా రెండు మిషనులవలన వచ్చెను. అమెరికను బాప్తిస్టులు పందొమ్మిదవ శతాబ్ది చివఱ మహబూబునగరమున నిలిచిరి. మెన్నోనైటు బ్రదరను అను శాఖవారు రెండవవారు. మెన్నోనైటులు 16వ శతాబ్దమున ఐరోపాలో పుట్టినవారు. ఆయుధము పట్టరాదనుట వారి నియమములలో నొకటి. వారిలో బ్రదరను శాఖ 1860లో దక్షిణ రష్యాయందు ఏర్పడెను. రష్యానుండి వచ్చినవారు మొదట నల్లగొండలో పని ప్రారంభించిరి. అమెరికానుండి అదే శాఖవారు 1899లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, క్రమముగా నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, శంషాబాదు మున్నగు చోట్ల స్థానములు కట్టుకొనిరి. 1937లో బాప్తిస్టులు మహబూబునగరము, గద్వాల స్థానములను వీరికి అప్పగించిరి. అచ్చంపేటకు సమీపమైన పెద్ద స్థానము నాగర్‌కర్నూలు. అందుచేత మన కథయు అచ్చటనే మొదలగును.

కాథరీనా షెల్లెన్‌బర్గు అనునామె 1870లో దక్షిణ రష్యాయందు ఒక మెన్నోనైటు కుటుంబమున జన్మించెను. బాల్యముననే కుటుంబముతో అమెరికాకు పోయి, పెరిగి, వైద్యవిద్య నభ్యసించి, 1907లో మన దేశమునకు వచ్చెను. నాగర్‌కర్నూలు, దేవరకొండ, శంషాబాదులలో రోగులను చూచుచు, 1945లో శంషాబాదునందే కన్నుమూసెను. ముప్పదియేడేండ్లకు పైబడిన ఆమె సేవాకాలములో అధికభాగము ఆ మిషనునకు ఆమెయే వైద్యురాలు. ఘోషా పాటించు ముసల్మాను స్త్రీలును, పరపురుషుని యెదుట నాడి చూపుటకు జంకు తక్కిన కులముల స్త్రీలును ఉన్న ఆ దినములలో, స్త్రీ వైద్యురాలు లేనిచోట వైద్యమే లేదని చెప్పవచ్చును. పురుడు అడ్డము తిరిగినచో మంత్రసాని చేతిపని, దేవునిపై భారము, అంతే గతి.

ఈమె సంఘమున స్త్రీలు పాస్టరు లగు ఆచారము లేదు. ప్రసంగపీఠము పురుషులది. అయినను ఆసుపత్రి గుమ్మము దాటినపిదప ఆమె మాటయే ఆజ్ఞ. ఏ రోగిని ముందు చూడవలెను, ఏ మందు ఎంత పొదుపుగా వాడవలెను, గాయము కడుగుట ఎవరికి నేర్పవలెను అను నిర్ణయములు ఆమెవి. మాదిగపల్లెనుండి వచ్చిన బాలెంతకును, దొరల యింటినుండి వచ్చిన యామెకును అదే గది, అదే సూది, అదే చేయి. మతప్రసంగము చేయక యే ఆ గదిలో ఒక ప్రసంగము జరుగుచుండెను. పనిచోట విశ్వాసమనగా నేమని అడుగువారికి మేము మొదట చూపదగినది ఇట్టి వైద్యశాల గుమ్మమునే. ఆ పరంపరయే 1950ల దశకమున జడ్చర్లలో పెద్ద వైద్యశాలగా వెలసెను.

అయితే కాథరీనా వంటి దొరసానుల పేర్లు పుస్తకములకెక్కినవి. వారి వెంట నడచిన తెలుగు స్త్రీల పేర్లు చాలవఱకు ఎక్కలేదు. మిషనులవారు వారిని బైబిలు స్త్రీలని పిలిచెడివారు. వీరిలో పెక్కుమంది వితంతువులు, ఉపదేశుల భార్యలు. ఊరూర కాలినడకను పోయి, ఇంటింట కూర్చుండి, పాటలు పాడి, కథలు చెప్పి, అక్షరములు నేర్పెడివారు. తెలుగు నాట స్త్రీవిద్యకు బడులే దిక్కని తలంచువారు, వంటింటి గడపమీద కూర్చుండి అ, ఆలు దిద్దించిన ఈ చెప్పులులేని పంతులమ్మలను మఱచుచున్నారు. జీతము స్వల్పము, పేరు అంతకంటె స్వల్పము.

తెలుగు బాప్తిస్టు సంఘముల ఆరంభకథలోనే స్త్రీలు కనబడుదురు. 1854 జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు ప్రక్కనున్న కొండమీద అయిదుగురు ప్రార్థించిరనియు, ఆ ప్రార్థనయే ఒంగోలు మిషనునకు నాంది యనియు ఆ సంఘములవారు నేటికిని చెప్పుకొందురు. ఆ యైదుగురిలో జ్యూయెట్టు దొరయు, ఒక తెలుగు ఉపదేశియు పురుషులు. దొరసానియు, జూలియా, రూతు అను తెలుగు వనితలును తక్కిన మువ్వురు. అనగా సగమునకంటె హెచ్చు స్త్రీలే. కొండకు ఎక్కునపుడు లెక్కకు వచ్చిన ఈ స్త్రీలు, సంఘమునకు కమిటీ వేయునపుడు లెక్కకు రాకపోవుట ఏల? ఈ ప్రశ్నను మేము ముందు మరల ఎత్తుకొందుము.

ఒంగోలు పేరు వచ్చినది గనుక, పనిచోటి పెద్దఱికమునకు తెలుగుదేశమున దొరకు మిక్కిలి స్పష్టమైన దృష్టాంతమును ఇచ్చటనే చెప్పుట మంచిది. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిని ఘోరమైన క్షామము పీడించెను. ఆ సమయమున ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచు, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఒంగోలులోని క్లౌ దొర యౌవనమున భూమి కొలతపని నేర్చినవాడు. అతడు మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వు గుత్త తానే తీసికొని, తన ఉపదేశులను కూలీల గుంపులకు మేస్త్రీలుగా నియమించెను. కఱవుపనులలో మేస్త్రీల కొరడాయు, కూలిలో కోతయు సాధారణములైన కాలమది. ఇచ్చట మేస్త్రీ యొక ఉపదేశి. వాడు మన్ను ఎత్తు స్త్రీని తిట్టినచో సాయంకాలము చేయు బోధ వ్యర్థమగును. కావున నోరు అదుపులో పెట్టుకొనుట వానికి మతధర్మమే గాక వృత్తిధర్మము కూడ నాయెను.

ఇందులో మఱియొక విశేషము కలదు. కఱవుకాలమున కూలికొఱకు వచ్చినవారు బాప్తిస్మము కోరినను క్లౌ దొర ఈయలేదు. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు, సహాయపు పనులు ముగియువఱకు ఆపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీని, ఒక్కదినమున 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము జరిగెను. ఆ మతాంతరీకరణములను గూర్చి పాఠకురాండ్ర అభిప్రాయము లెట్లున్నను, తన చేతిలో అన్నమున్నవాడు ఎదుటివాని ఆకలిని తన లాభమునకు వాడుకొనక నిలువరించుకొనుట పెద్దఱికములో మొదటి పాఠమని అందఱును ఒప్పుకొందురు. ముందు బయానా యిచ్చి, కుటుంబములను కుటుంబములుగా దూరదేశపు ఆనకట్టలకు తోలుకొనిపోయిన మేస్త్రీల పాలనను తరతరములుగా ఎఱిగిన పాలమూరు స్త్రీలకు ఈ భేదమును వివరింప బనిలేదు.

సంఘమున మనవారి పెద్దఱికము మాట కూడ కొంత చెప్పవలెను. మిషనుల కాలమున డబ్బు సముద్రము దాటి వచ్చెడిది. నిర్ణయమును దానితోనే వచ్చెడిది. తెలుగు పాస్టరులు దొరల యెదుట నిలుచుండి మాటలాడిన దినములు పెక్కు. ఈ స్థితిని మార్చినవారిలో వేదనాయకం సామువేలు అజరయ్య ముఖ్యుడు. ఆయన తమిళదేశమున 1874లో పుట్టి, తెలుగు నేర్చి, దోర్నకల్లు వచ్చి పనిచేసెను. 1910లో స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమందు జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, తెల్లవారు త్యాగములు చేయుట చాలదు, మాతో స్నేహము చేయవలెనని నిర్భయముగా అడిగెను. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయెను. దోర్నకల్లులో ఆయన కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. దాని నిర్మాణమున మసీదు, కోవెల, క్రైస్తవాలయముల పోలికలు కలసియున్నవి. ఆయన భార్య అంబు మరియమ్మాళు విద్యావతి. పల్లె తల్లులను కూడగట్టి మదర్సు యూనియను పనిని వ్యాపింప జేసినది.

పల్లె క్రైస్తవ స్త్రీల ఆచారమొకటి ఇచ్చట చెప్పదగినది. వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేఱుకుండలో వేయుదురు. ఆదివారము దానిని సంఘమునకు తెచ్చి యిత్తురు. పాస్టరు జీతమునకు, దేవాలయపు కప్పునకు, దిక్కులేనివారి కూటికి ఈ పిడికెడు బియ్యము ఆధారమైన పల్లెలు పెక్కు. జొన్నసంకటి తిను ఇంట జొన్నలే పిడికెడు. సముద్రము దాటి వచ్చు డబ్బు తగ్గినపుడు సంఘమును నిలిపినది ఈ కుండ. ఇట్లు ఖజానా నింపినవారు ఖజానా లెక్క అడుగుటకు మాత్రము చాలకాలము సాహసింపలేదు. అడిగినను, ఆడువారికి లెక్క లెందులకని వారిని కూర్చుండ బెట్టిరి.

స్త్రీలు సంఘమున బోధింపవచ్చునా, పాస్టరులు కావచ్చునా యను వివాదము నేటికిని తీరలేదు. కాదనువారు పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన పత్రికలో స్త్రీలు సంఘమున మౌనముగా నుండవలెనని చెప్పిన మాటను చూపుదురు. ఔననువారు ఆ పౌలే రోమీయులకు వ్రాసిన పత్రిక చివఱ ఫీబే అను నామెను కెంక్రేయ సంఘపు పరిచారకురాలని మెచ్చుకొనుటను చూపుదురు. ప్రిస్కిల్ల యనునామె తన భర్త అకులతో గూడ గుడారములు కుట్టు వృత్తి చేయుచు, అపొల్లో యను పండితునికి బోధించెను. ఫిలిప్పీ పట్టణమున సంఘము మొదట కూడినది ఊదారంగు బట్టల వర్తకురాలైన లూదియ యింట. పరిశీలించినచో, క్రొత్తనిబంధనలోని ఈ స్త్రీలలో పలువురు పనిచోటను సంఘమునను ఒకేసారి పెద్దఱికము వహించినవారు. ఆ రెంటి నడుమ వారికి గోడ లేదు. గోడ కట్టినవారు తరువాతివారు.

1947 సెప్టెంబరు 27వ తేదీని ఏర్పడిన దక్షిణ భారత సంఘము 1970ల దశకమున స్త్రీలకు పాస్టరు పదవి నిచ్చుటకు ఆరంభించెను. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితమ్మ నంద్యాల మండలమునకు బిషప్పుగా అభిషిక్తురాలై, ఆ సంఘమున మొదటి స్త్రీ బిషప్పు అయ్యెను. నంద్యాల మనకు దూరదేశము కాదు. అచ్చంపేటకు ఎదురుగా కృష్ణకు, నల్లమలకు ఆవలిగట్టు. కొండకు ఈవల స్త్రీ ప్రసంగపీఠ మెక్కరాదని వాదించుచుండగా, కొండకు ఆవల స్త్రీ చేతినుండి పాస్టరులు దీవెన పొందిరి. ఏ సంఘమువారి నియమము వారిది. దానిని తీర్పు తీర్చుట మా పని కాదు. పీఠము ఈయకపోయినను లెక్కలపుస్తకము చూపవలెను, కమిటీలో చోటు కల్పింపవలెను, వారి మాట నిర్ణయపు పుస్తకమున వ్రాయవలెను. ఇందుకు ఏ పౌలు పత్రికయు అడ్డు రాదు.

ఇక ఉద్యోగశాలల మాట. నేడు ఈ సీమ క్రైస్తవ కుటుంబముల ఆడుబిడ్డలు నర్సులుగా, ఉపాధ్యాయినులుగా, కచేరీ గుమాస్తాలుగా పనిచేయుచున్నారు. వీరిలో పెక్కుమంది మాల, మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. వీరి బ్రదుకులో, బయటివారు ఎఱుగని చిక్కు ఒకటి కలదు. 1950 ఆగస్టు 10వ తేదీని రాష్ట్రపతి యుత్తరువు ఒకటి వెలువడెను. దాని ప్రకారము హిందువులు కానివారిని షెడ్యూల్డు కులములవారిగా గణింపరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన ఆ కులములవారికి వెనుకబడిన తరగతులలో సి యను విభాగమున నూటికి ఒకటి వంతున ఉద్యోగములు కేటాయింపబడినవి. ఫలితముగా ఒక్కొక్క యింట రెండు పేర్లు. సంఘపుస్తకమున ఒక పేరు, బడి రిజిష్టరులో మఱియొక పేరు. ఆదివారము ప్రార్థనలో మోకరిల్లిన తల్లి, సోమవారము కచేరీలో ఎవరైన అడిగినచో తలవంచుకొనును.

ఈ శాసనము న్యాయమా కాదా యని పార్లమెంటునను, న్యాయస్థానములలోను చాలకాలముగ వాదము సాగుచున్నది. కులమను శాపము మతము మారినంత మాత్రమున వదలలేదని ఒక పక్షమువారు, కుల మెఱుగని మతమున కులపు సౌకర్యము చెల్లదని మఱియొక పక్షమువారు చెప్పుదురు. మేము చూపదలచినది ఆ వాదము యొక్క ఇంటి ముఖము. బిడ్డ బడిలో చేరునాడు ఏ పేరు వ్రాయింపవలెను, పెండ్లిపత్రికమీద ఏ గుర్తు అచ్చువేయింపవలెను, తల్లి చనిపోయినపుడు సమాధిమీద ఏమి చెక్కింపవలెను అను ప్రశ్నలు మొదట స్త్రీల గుండెలమీదనే పడుచున్నవి. నిజము చెప్పుమని బిడ్డకు నేర్పు తల్లికి, తన పేరు విషయమునందే నిజము చెప్పుటకు వెల చెల్లింపవలసి వచ్చుట సామాన్యమైన బాధ కాదు. ఇట్టివారిని దొంగలని యెగతాళి చేయువారు, అన్నమును పేరును ఒకే త్రాసున తూచవలసిన దుఃస్థితి తమకు రాలేదని సంతోషింతురు గాక. నిందించుటకు మాత్రము తొందరపడరాదు. సంఘపెద్దలును పీఠమునుండి వారిని మందలించుటకు ముందు, ఉద్యోగము పోయిన కుటుంబమును సంఘము ఎన్నినెలలు పోషింపగలదో లెక్క చూచుకొనవలెను.

కాబట్టి పనిచోట క్రైస్తవ విశ్వాసము చూపుట యనగా మెడలోని సిలువను చూపుట యని తలంచినచో ఈ స్త్రీలలో సగముమంది విశ్వాసులు కాకపోవుదురు. రాత్రి పాళీలో, చూచువారు లేనప్పుడు, బిచ్చగాని పుండు కడుగుటకు ముక్కు మూసికొనని నర్సును ఏ రిజిష్టరు విశ్వాసులలోనుండి కొట్టివేయగలదు? చెంచు పిల్లవానిని వెనుక బల్లనుండి ముందు బల్లకు పిలిచి కూర్చుండబెట్టు పంతులమ్మ ఏ పేరుతో సంతకము చేసినను ఆమె చేసినది పాదములు కడుగు పనియే. క్రింది ఉద్యోగి చేసిన పనిని తన పేర పై అధికారికి చెప్పుకొనక, ఆ ఉద్యోగి పేరనే చెప్పు స్త్రీ ఏ మతమునందున్నను నాయకురాలే.

పెద్దఱికమును పరీక్షించుటకు మూడు గుర్తులు మాకు తోచుచున్నవి. మొదటిది లెక్క. సంఘపు డబ్బును గాని, మహిళా సమాజపు డబ్బును గాని చేతబట్టినవారు అడుగకమునుపే లెక్క చదివి వినిపింపవలెను. దేవాలయముల ఆస్తులపై వ్యాజ్యములు పెరిగి, ప్రార్థన చేయవలసినవారు కోర్టు మెట్లు ఎక్కుచున్న ఈ దినములలో, పిడికెడు బియ్యము వేసిన ముసలమ్మకు ఆ పిడికెడు ఎచ్చటికి పోయినదో తెలియుట ఆమె హక్కు. రెండవది వారసత్వము. తాను లేనిదే పని సాగరాదని కోరువారు యజమానులు; తాను లేకున్నను సాగవలెనని నేర్పువారు నాయకులు. ఇరువదేండ్లుగా ఒకే కుర్చీలో కూర్చున్న అధ్యక్షురాలు సమాజమునకు అలంకారమో, అడ్డుగోడయో తానే ఆలోచించుకొనవలెను. మూడవది నోరు. కోపము వచ్చినపుడు తక్కువవానితో ఎట్లు మాటలాడుదురో అదియే మనుష్యుని నిజమైన హోదా. ఈ పరీక్షకు సంఘము, కచేరీ అక్కఱలేదు. ఇంటి పనిమనిషి చాలును.

సోదరీమణులారా! నల్లమల నీడలో ఊరూర తిరిగిన పేరులేని బైబిలు స్త్రీలకును, నాగర్‌కర్నూలు వైద్యురాలికిని, నంద్యాల బిషప్పునకును నడుమ నూఱేండ్లకు మించిన త్రోవ కలదు. ఆ త్రోవలో స్త్రీలకు పని యెన్నడును కొదువ కాలేదు. పనికి తగిన మాట మాత్రము ఆలస్యముగా వచ్చినది, కొన్నిచోట్ల ఇంకను రాలేదు. మీమీ సంఘములలో, సమాజములలో ఈ సంవత్సరము కమిటీలు వేయునపుడు, నేల ఊడ్చినవారిలో, బియ్యము కొలిచినవారిలో, రోగుల ప్రక్కన రాత్రులు మేల్కొన్నవారిలో ఒక్కరినైనను పేరుపెట్టి పిలిచి ముందు కూర్చుండబెట్టుడు. ఆమె సిగ్గుపడి వెనుకకు పోయినచో మరల పిలువుడు. కుర్చీలో కూర్చున్న పిదప ఆమె చీపురును మఱచినచో, ఆ మాట ఆమెకు మెల్లగా జ్ఞాపకము చేయుడు.